గీత మీద కత్తెర

నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతున్న అత్తగారు సరదాపడి కాగితపు ఓడ కిట్టు కొనుక్కుంది. రెండు వందల పద్దెనిమిది ముక్కలూ కత్తిరించి అతికించబోతే, ఒక్కటీ దాని జోడుకు కుదరలేదు. కోడలు వచ్చి చూసి పకపకా నవ్వింది.

“అత్తయ్యా, ముక్కముక్కకీ గీత బయట కుట్టుకోసమని పావంగుళం వదిలేశారు! ఈ ఓడేమైనా రేపు లావెక్కుతుందా, కుట్లు విప్పి వదులు చెయ్యడానికి?”

అత్తగారికి ఒళ్ళు మండింది. “నవ్వు, నవ్వు. దీని అంతు చూడకపోతే ఇక కత్తెర పడితే ఒట్టు!”

ప్రతి ముక్కనూ మళ్ళీ గీత మీదే కత్తిరించసాగింది. కుడిచెయ్యి అలవాటుకొద్దీ పక్కకు జరిగితే, ఎడమచేత్తో దానికి ఒక్కటిచ్చి దారికి తెచ్చేది. కళ్ళు లాగినా, మెడ పట్టేసినా వదల్లేదు. మూడు వారాలకు పొగగొట్టాలతో, నిచ్చెనలతో ఓడ వెంట్రుకవాసి సందు లేకుండా బల్ల మీద నిలబడింది.

మర్నాడే కోడలికి కొత్త చొక్కా కుట్టి ఇచ్చింది. అది వేసుకున్న కోడలికి ఊపిరాడలేదు.

“అత్తయ్యా, కాస్త వదులు చేద్దురూ!”

అత్తగారు చొక్కా తిరగేసి చూసింది. బట్టనూ గీత మీదే కత్తిరించేసింది.

“గుడ్డ మిగల్లేదమ్మా,” అంది, ఓడ మీద దుమ్ము ఊదుతూ. “ఇక నువ్వే ఒళ్ళు తగ్గించుకోవాలి.”