ఆపరేషన్ కాగితం

తడిసిన దుప్పట్లు నూట ఎనభై కుప్పగా పడి ఉన్నాయి. ఆ రోజు ఎత్తాల్సినవాటిలో సగం కూడా ఇంకా పిండే మిషన్‌లోకి ఎక్కలేదు. ఆమె నడుం పట్టేసి నిలబడి ఉండగా మేస్త్రీ కేక పెట్టాడు.

"ఏయ్, దుప్పట్లామే! మీ వాళ్ళొచ్చారు, గేటు దగ్గరికి రా. రెండు నిమిషాలే, ముందే చెప్తున్నా."

ఆ లాండ్రీలో ఆసుపత్రుల బట్టలూ లాడ్జీల బట్టలూ ఉతుకుతారు. తడి దుప్పట్లను తొట్టిలోంచి మిషన్‌లోకి ఎత్తడం ఆమె పని. ఏడేళ్ళుగా అదే. రోజుకి నాలుగు వందల యాభై. పనికోసం వచ్చిన ఆడదాన్ని మేస్త్రీ పేరు అడగడు, "ఆపరేషన్ అయిందా?" అని అడుగుతాడు. ఇక పిల్లలు పుట్టరని ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితం తెచ్చి చేతిలో పెడితేనే పని. ఆ కాగితం ఫైల్లో పడి ఉంటే కడుపులూ కాన్పులూ సెలవులూ అని ఎవరూ తన ప్రాణం తీయరని అతని ధీమా. ఇలా అడగొచ్చా అని అక్కడ ఎవరూ అతన్ని అడిగినవాళ్ళు లేరు.

గేటు దగ్గర భర్త, అత్త నిలబడి ఉన్నారు. ఇది ఆమెకు రెండో పెళ్ళి. మొదటి భర్త జ్వరంతో పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు, చిన్నది పుట్టగానే ఆపరేషన్. సంబంధం మాట్లాడుకున్నప్పుడు అత్త ఆ సంగతి విని, "మంచిదేలే, ఉన్న ఇద్దరూ చాలు" అంది. ఇంట్లోకి ఇంకో సంపాదన వస్తోందన్న సంబరంలో అన్న మాట అది. ఏడాది తిరక్కుండానే, "మావాడి రక్తమంటూ ఒక్కటైనా ఉండొద్దా?" అని మొదలుపెట్టింది.

నిజానికి ఆ ఆశ ఆమెకూ పుట్టింది. ఒకరోజు పొద్దున భర్త చిన్నదానికి వంకరటింకరగా జడ వేస్తుంటే చూసి పుట్టింది. అందుకే ఎవరూ నెట్టకుండానే ఒకరోజు కూలి వదులుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"కోసి కట్టిన గొట్టాలని మళ్ళీ కలపొచ్చమ్మా" అంది డాక్టరమ్మ. "కలిసినా కడుపు నిలుస్తుందని మాత్రం నేను రాసివ్వలేను. గొట్టంలోనే నిలిచిందంటే నీ ప్రాణం మీదికొస్తుంది. కొన్ని నెలలు బరువులెత్తకూడదు. పాత కాగితం తీసుకురా, ఎలా చేశారో చూస్తాను. వీటన్నిటికంటే ముందు మీ ఆయనకి పరీక్ష చేయించు. లోపం అక్కడుంటే నీ పొట్ట కొయ్యడం దేనికి?"

ఆ మాట ఇంట్లో చెప్పగానే భర్త కంచం పక్కకి నెట్టాడు. "పరీక్షా? నాకా?" అన్నాడు. అది జరిగి నాలుగు నెలలు. ఈలోగా గొట్టాలు కలిపే ఆపరేషన్‌కి రోజు కూడా తల్లీకొడుకులే ఖాయం చేశారు.

ఇప్పుడు అత్త మేస్త్రీకి నమస్కారం పెట్టి, మనవడు పుట్టేసినంత మురిపెంగా చెప్పుకుపోతోంది. "మా కోడలి కాగితం ఒక్కసారి ఇప్పించు బాబూ. డాక్టరమ్మకి చూపించాలి. మళ్ళీ కలిపేస్తారంట. వచ్చే ఏడు ఈ వేళకి మనవణ్ణి ఎత్తుకుని మీకు స్వీట్లు తెస్తాను."

ఈ మనిషి దగ్గర చెప్పకూడని మాట ఏదైనా ఉందంటే అదే. మేస్త్రీ ఫైల్లోంచి కాగితం తీశాడు గానీ చేతిలోనే పట్టుకున్నాడు.

"ఏమ్మా, నిజమేనా? చేయించుకో, నాకేం. ఆ రోజే లెక్క తీసుకుని బయటికి నడు. పిల్లల్ని కనేవాళ్ళకి ఇక్కడ పని లేదు."

"పోతే పోనీండి సార్" అన్నాడు భర్త. "ఇంట్లోనే ఉంటుంది."

"ఇంట్లో ఉండి ఏం తినాలి?" అంది ఆమె. అతను నడిపే వ్యాను వారంలో మూడు రోజులు షెడ్డులోనే ఉంటుంది.

అత్త గొంతు మారిపోయింది. "ఎవత్తివే నువ్వు అడగడానికి? పరాయి పిల్లలిద్దరికీ తిండి పెడుతున్నాం, గుర్తుంచుకో."

"వాళ్ళ తిండి నేనే పెడుతున్నానత్తా. మీది కూడా."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఒళ్ళంతా కోపం. ఒకడు పిల్లల్ని కంటే పని లేదంటాడు, ఇంకొకడు కనకపోతే ఇల్లు లేదంటాడు. పొట్ట మాత్రం ఆమెది. మేస్త్రీ చేతిలోంచి కాగితం లాక్కుంది. భర్త చెయ్యి చాచాడు.

"ఇలా తే."

"నువ్వు పరీక్షకి ఎప్పుడెళ్తున్నావు?"

"నలుగురిలో నా పరువు తీస్తున్నావే!"

"నా కడుపు సంగతి గేటు దగ్గర పంచాయితీ పెట్టినప్పుడు నా పరువేమైంది? ముందు నువ్వెళ్ళు. ఆ తర్వాత చేయించుకోవాలో వద్దో నేను ఆలోచించుకుంటాను. అప్పటిదాకా ఎవరూ నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళక్కర్లేదు."

భర్త చెయ్యెత్తాడు. లోపల ఆడవాళ్ళంతా పని ఆపి చూస్తున్నారని గమనించి దించేశాడు. "ఇంటికి రా, చెప్తా" అని తల్లిని లాక్కుని వెళ్ళాడు. ఆ మాటకి అర్థం ఆమెకు బాగా తెలుసు.

మేస్త్రీకి హాయిగా ఉంది. "మంచి పని చేశావ్. ఇటివ్వు, ఫైల్లో పెట్టేస్తా. ఆ దుప్పట్ల సంగతి చూడు."

"దుప్పట్లు ఎత్తుతాను. కాగితం ఇవ్వను."

"ఏంటీ?"

"పని చేతుల్తో చేస్తున్నా కదండీ. మళ్ళీ ఈ కాగితమెందుకు మీకు?"

ఆమె లోపలికి రెండడుగులు వేసింది. మేస్త్రీ తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టాడు. అతని వెనక ఇస్త్రీ పిన్ని బల్ల వదిలేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఆ లాండ్రీలో అందరికంటే పాత మనిషి.

"మేస్త్రీ, నాకు యాభై రెండొచ్చాయి. ఇంకా కంటానని భయమా నీకు? నా కాగితం కూడా ఇలా తే."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రీ ఫైలుని చంకలో ఇరికించుకున్నాడు. తలుపుకి పెట్టిన చెయ్యి మాత్రం తియ్యలేదు.