మిండల్ అందించిన మాట

"కదలకు. వంకరగా అంటుకుందంటే రబ్బీలా ఉండవు, మేకలా ఉంటావు," అంది మిండల్ ఫస్‌మాన్, లేజర్ పెట్టుడు గడ్డానికి జిగురు పూస్తూ.

"ఆ మేక వేషమే ఇవ్వరాదూ? దాని మాటలైనా కంఠతా వచ్చు," అన్నాడు లేజర్. ఆయన దర్జీ. ఇరవై ఏళ్లుగా ఆమె నాటకాల్లో రబ్బీ, అంటే యూదుల గురువు, వేషం ఆయనదే.

మిండల్ నవ్వలేదు. రిహార్సల్ జరుగుతున్న ఆ చిన్న నాటకశాల వీధి తలుపు వైపు చూసింది.

డెబ్బై ఒక్కేళ్ల మనిషి. వెడల్పాటి భుజాలు, బొంగురు గొంతు. పంతొమ్మిదో ఏట పోలండ్ నుంచి ఓడలో బ్యూనస్ ఐరెస్ వచ్చింది. పగలు కార్ఖానాలో కాలర్లు కుట్టేది, సాయంత్రాలు తమ ఇంటిభాష యిద్దిష్‌లో నాటకాలాడేది. ఇరవై మూడేళ్లకే తల్లి వేషాలు ఇచ్చారు, నలభైకి అమ్మమ్మ వేషాలు. నాయిక వేషం ఎన్నడూ దక్కలేదు. దర్శకుడు పోయాక, చేసేవాళ్లు మరెవరూ లేక దర్శకురాలైంది.

తెర లేచే ముందు ఆమె చేతులు మంచులా అయిపోయేవి. సైన్యం గద్దెనెక్కిన ఈ ఏడాదిగా తలుపు గంట మోగినా అలాగే అవుతున్నాయి. పేటలో మనుషులు మాయమవుతున్నారు. పోయిన మంగళవారం మిర్తాకు కాబోయేవాణ్ణి నంబరు లేని కారులో ఎక్కించుకుపోయారు. నాటకంలో కూతురు వేషం మిర్తాదే. మూడు రోజులుగా ఇంటికి పోకుండా దుస్తుల గదిలోనే పడుకుంటోంది.

నాలుగింటికి గంట మోగింది.

మిండల్ తన తెల్ల విగ్గు తీసి మిర్తా తలమీద బోర్లించి, శాలువా కప్పింది. "ఇవాళ అమ్మమ్మవి నువ్వే. నడుం వంచవే పిల్లా."

కోట్లు వేసుకున్న ఇద్దరు లోపలికొచ్చారు. "మిర్తా సలోమోన్ కావాలి," అన్నాడు నెరిసిన జుట్టువాడు.

"ఇవాళ రాలేదండి."

"వచ్చేదాకా చూస్తాం. మీ పని కానివ్వండి." ఇద్దరూ ముందు వరసలో కూర్చున్నారు.

మిర్తా వేదిక మీద వణుకుతోంది. ముసలితనానికి ఆ వణుకు నప్పింది. మిండల్ పుస్తకం తీసి, మరిచిన మాట అందిస్తున్నట్టు నోరు తెరవబోయింది.

"మా నాన్న జర్మన్," అన్నాడు నెరిసిన జుట్టువాడు చిరునవ్వుతో. "మీ భాష నాకు సగం అర్థమవుతుంది."

మిండల్ పుస్తకంలో పేజీ తిప్పింది. నిజమే, యిద్దిష్‌లో కిటికీ, రొట్టె, ఇల్లు, అన్నీ జర్మన్‌కు చుట్టాలే. మిగిలినవి ప్రార్థన పుస్తకంలోంచి వచ్చిన హీబ్రూ మాటలు, అవి వాడికి అందవు. మిర్తా తాత పక్కన కూర్చుని ప్రార్థనలు వల్లించిన పిల్ల. మిండల్ ఆ మాటలే ఏరుకుంది. గుండెమీద చెయ్యి వేసుకుని, శోకం పెడుతున్నట్టు రాగం తీసింది:

"హే వృద్ధమాతా, పృష్ఠగవాక్షమున నిష్క్రమించుము. పార్శ్వమున అపూప విక్రేత జల్మన్‌ను ఆశ్రయించుము. స్వగృహము నిషిద్ధము."

వెనక కిటికీలోంచి పక్కనున్న రొట్టెల జల్మన్ దగ్గరికి పొమ్మంటోందని అర్థమై లేజర్ గడ్డం అదిరింది. నెరిసిన జుట్టువాడు తల పక్కకు వాల్చి విన్నాడు.

"తథాస్తు," అంది మిర్తా. నడుం వంచుకుని, కాలీడ్చుకుంటూ తెరచాటుకు వెళ్లింది.

లేజర్ తన మాటలు గడగడా అప్పజెప్పాడు. తప్పుపోయినచోట మొదటినుంచి చెప్పించింది మిండల్. పావుగంట గడిచింది.

"ఆ ముసలావిడ మళ్లీ ఎప్పుడొస్తుంది?"

"ఆవిడ ఈ రంగంలోనే చచ్చిపోతుందండి. ఇక రాదు."

వాడు లేచి లోపలికి వెళ్లాడు. వెనక వంటింటి కిటికీ తెరిచి ఉంది. తిరిగొచ్చి, గొంతు పెంచకుండానే అన్నాడు: "మీరు మాతో రండి. గంటలో పంపించేస్తాం."

"బయట వాన. బూట్లు వేసుకోనివ్వండి."

వేళ్లు కొయ్యబారిపోయి లేసులు పట్టు దొరకలేదు. లేజర్ మోకాళ్ల మీద కూర్చుని ముడి వేశాడు. "రెండో అంకంలో తొందరపడకు," అంది ఆమె.

గంట గడిచింది. శనివారం ప్రదర్శన రోజు గడిచింది. వసంతంలో పొరుగు దేశంలోని మాంటెవిడియో నుంచి మిర్తా క్షేమంగా ఉన్నానని ఉత్తరం రాసింది. మిండల్ కబురు మాత్రం ఎవరూ చెప్పలేదు.

వేదిక మెట్ల దగ్గర ఆమె ఉన్ని చెప్పులు అలాగే ఉన్నాయి. చిల్లుపడ్డ ఎడమ చెప్పులో పాత నాటకం పోస్టరు కత్తిరించి వేసిన అట్టముక్క, మడమ రాపిడికి చెరగకుండా మిగిలిన రెండు ఎర్రటి అక్షరాలు.