అత్తగారి ఫోనూ, బిగుసుకుపోయే మౌసూ

ఆ వేసవి సెలవుల్లో, అలెగ్జాండ్రియాలోని మొహర్రమ్ బే పేటలో, పాఠ్యపుస్తకం రాసుకుంటున్న కెమిస్ట్రీ మాస్టారు వగీహ్ ఇంట్లో కంప్యూటరు మౌసు రోజూ పదకొండింటికి చచ్చిపోయేది. సరిగ్గా ఆ వేళకే, హజ్ చేసొచ్చినందుకు అందరూ హగ్గా అని పిలిచే ఆయన అత్తగారు తఫీదా ఫోను చేసేది.

"మీ అమ్మ నోటి మహిమ" అన్నాడాయన భార్యతో.

సౌసన్ రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. మూడో రోజు ఇగ్లాల్‌ను పిలిపించింది. పాత కంప్యూటర్లు బాగుచెయ్యడంలో ఆ పేటలో ఆమెకు మంచి పేరుంది.

ఇగ్లాల్ మౌసు బోర్లించి, అడుగున ఉన్న బంతి తీసి తుడిచింది. లోపలి చక్రాలకు పట్టిన మురికి గోటితో గీకింది. వెనకాల సీరియల్ పోర్టులో ప్లగ్గు ఊడదీసి, మళ్ళీ పెట్టి, మరలు బిగించింది. తెర మీద బాణం చేపపిల్లలా పరుగెత్తింది.

"బానే ఉంది కదండీ మాస్టారూ."

"ఇంకో పది నిమిషాలు ఆగండి ఇంజనీరమ్మా. ఆవిడ రానీండి."

ఫోను మోగింది. బాణం ఉన్నచోటే బిగుసుకుపోయింది. సౌసన్ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేలోపే కంప్యూటరు పెట్టెలోంచి కీచుమని కూత వినిపించింది. సౌసన్ రిసీవరు ఎత్తితే అవతల నుంచి హగ్గా అరుపు గదంతా వినపడింది.

"మళ్ళీ ఈల వేశాడే నీ మొగుడు! డెబ్భై ఏళ్ళ ముసలిదాన్ని, నా మీద ఈలలా?"

ఇగ్లాల్ పెదవి కొరుక్కుని పెట్టె మూత విప్పింది. లోపల ఫోను తీగ తగిలించిన ఒక ఫ్యాక్సు కార్డు ఉంది. మాస్టారు స్వయంగా బిగించుకున్నదే. ఫోను మోగితే చాలు, అది నిద్రలేచి జవాబిస్తోంది. పైగా కంప్యూటరును పిలవడానికి మౌసు వాడుకునే దారినే అదీ వాడుకుంటోంది. ఇది అడ్డం పడగానే మౌసుకు ఊపిరాడడం లేదు.

సౌసన్ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే మాస్టారు గొంతు తగ్గించాడు.

"సంగతి నాకు అర్థమైంది. మీరు బాగుచేసెయ్యండి. కానీ మా ఆవిడతో మాత్రం, ఫోను మోగితే యంత్రం పాడైపోతుందని చెప్పండి. ఇక ఎవరూ ఫోను చెయ్యకూడదని గట్టిగా చెప్పండి. మీకు పుణ్యముంటుంది."

"ఎవరూ అంటే?"

"మీకు తెలీదా ఏం?"

ఇగ్లాల్ నవ్వలేదు. కార్డు మీదున్న చిన్న ప్లాస్టిక్ టోపీని ఒక జత పిన్నుల మీంచి పీకి పక్క జతకు తొడిగింది. దాంతో కార్డు మౌసు దారి వదిలి వేరే దారికి మళ్ళింది. ఫోను మోగినా తనంతట తాను జవాబివ్వకుండా ఫ్యాక్సు ప్రోగ్రాముకు చెప్పింది. టీ వచ్చాక సౌసన్‌ను నంబరు అడిగి, హగ్గాకు ఫోను కలిపింది.

"హగ్గా, మీ అల్లుడుగారు ఈల వెయ్యలేదమ్మా. ఆ కూత కార్డుది. అది ఇప్పుడు నోరు మూసుకుంది. కానీ రిపేరు నిలబడిందో లేదో తేలాలంటే వారం పాటు పరీక్ష చెయ్యాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఫోను చేసి, కనీసం పావుగంట మాట్లాడాలి. మాస్టారు ఒక చేత్తో మౌసు కదుపుతూనే ఉండాలి. ఇంత ఓపికగా చేసేవాళ్ళు ఎవరున్నారో ఏమో..."

"నేను లేనూ!" అంది హగ్గా.

మాస్టారు తాగబోతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. సౌసన్ తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ వారమంతా వగీహ్ మాస్టారు రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అత్తగారి మోకాళ్ళ నొప్పులు వింటూ, పాఠ్యపుస్తకంలో ఆమ్లాల అధ్యాయం రాశాడు. మధ్యలో ఒకసారి ఆవిడ "ఆమ్లాలంటే ఏవిటి?" అనడిగితే చెప్పక తప్పింది కాదు. పిల్లలకు ఇలా చెబితే బుర్రకెక్కదంటూ ఆవిడ నిమ్మకాయ ఊరగాయతో మొదలుపెట్టించింది. ఆయన గొణుక్కుంటూనే ఆ పేజీ కొట్టేసి, మళ్ళీ రాశాడు.

ఎనిమిదో రోజు ఇగ్లాల్ కొట్లో ఫోను మోగింది.

"మౌసు నిక్షేపంలా ఉందమ్మాయ్" అంది హగ్గా. "పుస్తకంలో ఇంకా తొమ్మిది అధ్యాయాలున్నాయట. పరీక్ష పొడిగిద్దామా?"