నల్ల అంచు కార్డు

ఆదివారం పొద్దున్నే బావ ఫోను చేశాడు. గ్రేడింగుకు పంపిన పార్సిలు వచ్చిందట, బావమరిది వస్తేగానీ విప్పడట. అవతల ఆయన గొంతులో సంబరం పొంగిపోతోంది. ఇవతల వాచీలు బాగుచేసుకునే బావమరిదికి మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. వస్తున్నానని ఫోను పెట్టేసి, అప్పుడే విప్పిన స్క్రూ ఎక్కడ పెట్టాడో తెలియక పావుగంట బల్లంతా తడుముకున్నాడు.

అంత భయం దేనికంటారా? చెబుతాను.

వాళ్ళిద్దరిదీ కార్డుల పిచ్చి. ఫుట్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలున్న పాత కార్డులు కొనడం, భూతద్దం పెట్టి మూలలూ అంచులూ చూసుకుని మురిసిపోవడం, మంచి బేరం తగిలితే అమ్మడం. ఇంత వయసొచ్చి ఇవేం చేష్టలని అక్క మొదట్లో నవ్వేది, తర్వాత నవ్వడం కూడా మానేసింది. మేలైన కార్డు దొరికితే గ్రేడింగు కంపెనీకి పంపుతారు. వాళ్ళు పరీక్షించి పదికి ఇన్ని అని మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి పంపుతారు. కార్డుకి ఎవరైనా కత్తెరో రంగో తగిలించారని తేలిందా, మార్కు వెయ్యరు. ఒక చీటీ పెట్టి తిప్పి పంపేస్తారు. ఇక ఆ కార్డు ముఖం చూసేవాడుండడు.

బావ పంపినది నల్ల అంచున్న గోల్‌కీపరు కార్డు. తొమ్మిదేళ్ళ కిందట బావమరిది దగ్గరే కొన్నాడు. బావమరిదేమో నెలనెలా జరిగే కార్డుల సంతలో ఒక ముసలాయన బల్ల మీంచి కొన్నాడు. అప్పటికి అతనికి ఇదంతా కొత్త. కార్డు కింది మూలన నలుపు రాలి, ఆవగింజలో సగమంత తెల్లచుక్క కనబడుతోంది. వాచీ డయలు మీద అలా పెచ్చు లేస్తే సన్నకుంచెతో రంగు పెట్టి కనబడకుండా చెయ్యడం పనితనం, జనం మెచ్చుకుంటారు కూడా. చెయ్యి ఊరుకుంటుందా? కార్డుకీ ఒక చుక్క పెట్టేశాడు. ఆ తర్వాతే బావకి అమ్మాడు. కార్డులవాళ్ళ లెక్కలో అది పచ్చి మోసమని తెలిసేసరికి ఏడాది గడిచిపోయింది. చెబుదామనుకున్నాడు. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి. అలా అలా తొమ్మిదేళ్ళు లాగాడు మహానుభావుడు. కార్డుని గ్రేడింగుకు పంపుతున్న సంగతి బావ, పంపేశాక గానీ ఇతనికి చెప్పలేదు. ఆనాటి నుంచీ, ఆరు వారాలుగా, ఇతనికి తిండి సయించలేదు.

బావ బడిలో డ్రిల్లు మాస్టారు. ఏది చేసినా పద్ధతిగా చేస్తాడు. బల్ల తుడిచి, చేతులు కడుక్కుని, కత్తెర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. బావమరిది ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. పార్సిలు విప్పితే డబ్బా లేదు. మామూలు కవర్లో కార్డు, దాంతోపాటు చీటీ.

బావ రెండుసార్లు చదివాడు. కింది కుడి మూలన రంగు పూసినట్టు గుర్తించామనీ, మార్కు ఇవ్వలేమనీ ఉంది. ఆయన ముఖం జేవురించింది. అయిపోయింది, దొరికిపోయాననుకున్నాడు బావమరిది.

"నిన్ను కూడా ముంచాడురా ఆ ముసలాడు," అన్నాడు బావ.

ఆ మాటకి ఊపిరి పీల్చుకోవాలి కదా. పీల్చుకోలేకపోయాడు. బావ అప్పటికే ఫోను తీసి కార్డులవాళ్ళ గ్రూపులో రాయడం మొదలుపెట్టాడు. రెండు వందల మంది ఉన్నారందులో. రాసింది రాసినట్టు పైకి చదువుతున్నాడు: ఆ బల్ల దగ్గర ఎవరూ కొనొద్దు, రంగులు పూసి అంటగడుతున్నాడు. పాపం ఆ ముసలాయనకి ఆ బల్ల తప్ప వేరే ఆధారం లేదు. పైగా ఆనాడు కార్డు చేతికిస్తూ, మూల కొంచెం దెబ్బతింది, చూసి తీసుకో బాబూ అని వేలు పెట్టి మరీ చూపించాడు. నోరు మూసుకుంటే బతికిపోతాడు బావమరిది. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకునే ఉన్నాడు. బావ బొటనవేలు చివరి వాక్యం దాకా వచ్చింది.

"బావా, పంపకు. ఆ చుక్క పెట్టింది నేను."

బొటనవేలు ఆగిపోయింది. బావ కేకలెయ్యలేదు. రాసినదంతా అక్షరం అక్షరం చెరిపేసి ఫోను బోర్లించాడు. ఎప్పుడు పెట్టావన్నాడు, దేనితో పెట్టావన్నాడు. అడిగినదానికల్లా ఇతను తల దించుకుని జవాబు చెప్పాడు.

"తప్పని తెలిశాకైనా చెప్పలేదేం?"

"భయమేసింది బావా."

బావ లేచి అల్మారాలోంచి ఆల్బములు తెచ్చాడు. ఇన్నేళ్ళలో బావమరిది దగ్గర కొన్న కార్డులన్నీ ఏరి బల్ల మీద పేర్చాడు, మొత్తం పద్నాలుగు. తర్వాత కిటికీ తెరలు లాగి, ఊదారంగు వెలుగునిచ్చే చిన్న టార్చి వెలిగించాడు. కార్డు అచ్చయ్యాక పైన పూసిన రంగు ఏదున్నా ఆ వెలుగులో పట్టుబడుతుంది.

మిగతావాటి జోలికి తను పోలేదని బావమరిదికి తెలుసు, నూటికి నూరుపాళ్ళు తెలుసు. అయినా ఒక్కో కార్డూ ఆ వెలుగు కిందికి వెళ్తుంటే తనూ ముందుకు వంగి మూలలు వెతికాడు. ఏమో, ఎప్పుడైనా చెయ్యి ఊరుకోలేదేమో? తన చేతి మీద తనకే నమ్మకం పోయింది. పట్టపగలు ఈ చీకటేమిటని అక్క గుమ్మంలోంచి అడిగింది. బావ ముందువైపు చూసి, వెనక్కి తిప్పి, నాలుగు మూలలూ చూసి, పక్కన పెట్టి, ఇంకోటి తీస్తున్నాడు. అలా పద్నాలుగో కార్డు దాకా చూశాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి," అన్నాడు బావ, తెరలు తీస్తూ. "నీ దగ్గర కొన్న కార్డుకి లైటు కొట్టి చూడడం ఇదే మొదలు. చూడాల్సొస్తుందని అనుకోలేదు."

బావమరిదికి దొరికిపోతానన్న భయం పోయింది గానీ, అంతకంటే పెద్ద భయం వచ్చి ఆ జాగాలో కూర్చుంది. ఇంతలో వంటింట్లోంచి అక్క, తమ్ముడికి కూడా కంచం పెడుతున్నానని కేకేసింది. ప్రతి ఆదివారం ఆ ఇంట్లో అతని భోజనం మామూలే. పిలవకపోయినా కూర్చుని తినేవాడు.

"ఉండనా బావా?" అని అడిగాడు.

"నీ ఇష్టం," అన్నాడు బావ, ఆల్బము సర్దుకుంటూ.