డాలర్లకు డోనట్లు

ఎమ్మెట్ నోట్లో ఆ మాట ఎప్పుడూ నానుతూనే ఉంటుంది. ఇవాళ వాన పడదంటాడు, డాలర్లకు డోనట్లు పందెం అంటాడు. నావైపు డాలర్లు, నీవైపు ఉత్త డోనట్లు, నాకంత నమ్మకం అని దానర్థం. ఒహాయోలోని ఆ ఊళ్లో అందరూ వాడే మాటే గానీ, నిజంగా డాలరు పెట్టినవాడూ లేడు, డోనట్ తెచ్చినవాడూ లేడు.

ఏటా ఊళ్లో ఎవరి గుమ్మడికాయ ఎక్కువ తూగుతుందో చూసే పోటీలో ఇద్దరూ ఉంటారు. ఈసారి అతను ఆ మాట లొరెట్టా కాయ మీద అన్నాడు, అదీ ఆమె డోనట్ల కొట్లోనే, పదిమంది ముందు.

"ఈ ఏడూ నీకు రెండో బహుమతే లొరెట్టా. డాలర్లకు డోనట్లు."

తొమ్మిదేళ్లుగా రెండో బహుమతితో ఇంటికెళ్తున్న మనిషికి ఒళ్లు మండదా? శనివారం పోటీకి డజను డోనట్ల డబ్బా పట్టుకెళ్లి తూకం పక్క బల్లమీద పెట్టింది.

"నావి ఇవిగో. నీవేవి?"

"ఏదో మాటవరసకి అన్నాను తల్లీ."

"మాటవరసకైతే నా కొట్లో ఎందుకన్నావ్? డోనట్‌కి పది డాలర్లు. తియ్యి."

జనం ఈలలు వేశారు. ఎమ్మెట్ నవ్వుతూనే నూట ఇరవై డాలర్లు తీసిపెట్టాడు. అతని ధీమా అంతా టేపు మీదే. కాయని మూడు వైపులా కొలిచి పట్టికలో చూస్తే బరువు తెలుస్తుంది. ఆ లెక్కన ఆమెదానికంటే అతనిది డెబ్బై పౌండ్లు ఎక్కువ. టేపు పైతొక్కనే కొలుస్తుందనీ, లోపల కండ ఎంత మందమో దానికి తెలియదనీ ఇరవయ్యేళ్లుగా కాయలు పెంచుతున్న పెద్దమనిషి మరిచిపోయాడు.

అతని కాయ పదకొండు వందల ఎనభై తూగింది. టేపు చెప్పినదానికి నలభై తక్కువ. ఇక లొరెట్టా వంతు. ఆమె కాయని పట్టీలతో పైకెత్తి అడుగున పగులుందేమో చూశారు. ఉంటే పోటీలోంచి తీసేస్తారు. లేదు. తూకం మీదికి దించారు. అంకెలు వెయ్యి దాటాయి, పదకొండు వందలు దాటాయి, ఎనభై కూడా దాటి పన్నెండు వందల ఆరు దగ్గర నిలిచాయి.

అరవై రెండేళ్ల లొరెట్టా ఎగిరి గంతేసింది. పట్టలేని సంతోషం.

ఎమ్మెట్ డబ్బు ఆమె వైపు తోశాడు. "వచ్చే ఏడు చూడు, డాలర్లకు..." అని నాలుక కరుచుకున్నాడు.

ముప్పై ఏళ్లుగా ఊరికి వేయించి పెట్టడమే గానీ ఆమె తీరిగ్గా ఒక డోనట్ తిన్నది లేదు. డబ్బా తెరిచి, అన్నిటికంటే పెద్దది తీసుకుని కొరికింది. తర్వాత డబ్బా అతని ముందుకు జరిపింది.

"రెండోది నువ్వు తీసుకో, ఎమ్మెట్."