ఒక్క చుట్టు తక్కువ

మేస్త్రీ కారు కింద వెల్లకిలా పడుకుని, పాత వాటర్ పంపు ఆఖరి బోల్టుతో తగువు పడుతున్నాడు. రెండు తిట్లు తిట్టాడు, రాలేదు. కాస్త నూనె పోసి బతిమాలాడు, వచ్చింది.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. కుడి బొటనవేలికి గోరు లేదు, మిగతా గోళ్లలో మడ్డి లేని రోజు లేదు. ఇంట్లో భార్య మాట్లాడితే వింటాడు, షెడ్డులో ఇంజన్లు మాట్లాడితే వింటాడు. అతను కడుపుబ్బా నవ్వేది నెలకొక్కరోజే, రిటైరైన బస్సు కండక్టరు ఈ ముసలి కారుతో దిగిన రోజు. పదకొండేళ్లుగా ఇదే వరస. ఒకచోట కారేది ఆపితే మరోచోట కారుతుంది. అన్నీ ఒకేసారి బాగుచేస్తానంటే కండక్టరు వద్దంటాడు. పాత టైరు మీద కూర్చుని సాయంత్రందాకా ప్రయాణికుల కబుర్లు చెబుతాడు.

ఇవాళ పొద్దున మాత్రం దిగుతూనే అన్నాడు: "మేస్త్రీ, పంపు మార్చెయ్, సీళ్లు మార్చెయ్. ఒక్క చుక్క కారకూడదు. కొండదారి ఎక్కాలి."

"ఎక్కడికండీ?"

"పెళ్లికి."

"ఎవరిది?"

"నాదే! అరవై నాలుగైతే ఏం, సీటు ఖాళీగా ఉంటే ఎక్కించుకోరా? ఆవిడ ఊళ్లోనే ఉండిపోతా. ఇంక ఇటు రాను."

మేస్త్రీ నవ్వబోయాడు. నవ్వు రాక, పానా తీసుకుని కారు కిందికి దూరాడు.

పాత ప్యాకింగు గీకాడు. కొత్త పంపు కూర్చోబెట్టి బోల్టులు ఎదురెదురుగా బిగించాడు. నూనె కారే సీలు మార్చాడు. టైరు మీంచి కబుర్లు వస్తూనే ఉన్నాయి.

"ఆవిడ నాకంటే గట్టిగా అరుస్తుంది మేస్త్రీ. ఇన్నాళ్లకి నన్ను వెనక్కి జరగమనే మనిషి దొరికింది!"

ఇక మిగిలింది నీళ్ల గొట్టం క్లిప్పు. ఒక్క చుట్టు తక్కువ బిగిస్తే చాలు, కొండ మొదట్లోనే పెళ్లికొడుకు పొగలు కక్కుకుంటూ వెనక్కి వస్తాడు. మేస్త్రీ తక్కువే బిగించాడు. వెళ్లి చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుని మళ్లీ కడుక్కున్నాడు. కుక్క తోకకి వంకర పోనట్టే ఆ చేతులకి తిన్నగా పనిచేసే అలవాటు పోలేదు. తిరిగొచ్చి, పళ్లు కొరుక్కుంటూ మిగిలిన ఆ చుట్టు తిప్పాడు, కోపానికి ఇంకో అర చుట్టు కూడా.

ఇంజను అరగంట తిప్పారు. కింద తెల్లకాగితం పరిచి ఇద్దరూ వంగి చూశారు. మచ్చ కూడా లేదు.

"ఒక్క చుక్కైనా కారుతుందేమో అనుకున్నా మేస్త్రీ," అన్నాడు కండక్టరు. ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని మేస్త్రీకి తెలియదు.

"కారదండీ. వేడి చూపించే ముల్లు చూసుకుంటూ వెళ్లండి."

కండక్టరు డిక్కీ తెరిచాడు. దారిలో రేడియేటరుకి పోసుకోవడానికి పదకొండేళ్లుగా మోస్తున్న నీళ్ల క్యాను దించి గుమ్మం పక్కన పెట్టాడు. "ఇంక దీంతో పనేముంది!" స్టీరింగు ముందు కూర్చుని తనకి తానే "రైట్ రైట్!" అని అరిచి, మలుపు తిరిగి వెళ్లిపోయాడు.

మేస్త్రీకి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుంటే మొహమంతా మడ్డయింది.

గుమ్మం పక్కన క్యాను మూతిదాకా నిండి ఉంది. ఒక్క చుక్క కారకూడదన్న కండక్టరే పొద్దున నింపి తెచ్చాడు.