ముప్పై రెండు సున్నాలు

మేం తయారుచేస్తున్న ఫోన్ ఆటలో పదకొండు వేల చిన్న ఫైళ్లు. బొమ్మలు, శబ్దాలు, మ్యాపులు. ఫోన్ ఒక్కోదాన్నీ వెతికి తెరిచేసరికి ఆడేవాడికి సరదా చచ్చిపోతోంది. అన్నిటినీ ఒకే పెద్ద ఫైల్లో సర్ది, ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక ముందు పెట్టాలని నా ఆలోచన.

"జిప్ చేసేద్దాం" అన్నాడు టీమ్ లీడ్. తలనొప్పికైనా ఆయన మందు అదే. ఆయన లేనప్పుడు జిప్ బాబాయ్ అంటాం, ఉన్నప్పుడు సార్ అంటాం.

"జిప్ అయితే విప్పడానికే టైం పోతుంది సార్. నాది విప్పక్కర్లేదు, నేరుగా చదివేయొచ్చు."

"సొంత ఫార్మాట్లు చాలా చూశానమ్మాయ్. మొదటి అప్‌డేట్‌కే బోర్లా పడతాయి. నీది పడకపోతే ఉంచుకుందాం. పడిందా, తీసి అవతల పారేస్తాను."

"సరే సార్." నోరుంది కదా, అనేశాను.

ఫైలు మొదట్లో హెడర్ ఉంటుంది. ఇది మా ఫైలేనా, పట్టిక ఎక్కడ మొదలవుతుంది, లోపల ఎన్ని ఉన్నాయి, అంతా అందులోనే. దాన్ని ముప్పై రెండు బైట్లలో ఇరికించేశాను. వినేవాళ్లెవరూ దొరక్క ఆ గొప్ప అమ్మకి చెప్పుకున్నాను. అమ్మ టైలర్. ఎదురింటి పాపకి గౌను కుడుతోంది.

"ఒంటికి అతుక్కునేలా కుట్టావన్నమాట" అంది, పళ్ల మధ్య గుండుసూదులతో.

"ఊఁ. పోగు కూడా మిగల్లేదు."

"ఇంతకీ అది ఎదిగేదా, ఎదగనిదా?"

"ఆట కదమ్మా, ఎదుగుతూనే ఉంటుంది."

"మరి బుద్ధుందా నీకు? ఎదిగే పిల్లకి లోపల గుడ్డ వదలకుండా కుడతారటే? ఏడాది తిరక్కుండా వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి కడిగేస్తుంది నన్ను."

గౌను తిరగేసి చూపించింది. కుట్టు వెనక రెండు వేళ్ల వెడల్పు గుడ్డ, బయటికి తెలియకుండా మడిచి ఉంది.

మర్నాడు హెడర్‌ని అరవై నాలుగు బైట్లు చేశాను. రెండో సగమంతా సున్నాలే.

లీడ్ కళ్లజోడు పైకెత్తి చూశాడు. "ఇవేంటి?"

"ఖాళీ సార్."

"ఎందుకు?"

"ఇంకా తెలీదు."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!"

ఆఫీసంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆ ఖాళీ పేరు సోమలింగం. కాఫీ మిషన్ దగ్గర కూడా "మీవాడు బాగున్నాడా?" అని అడిగేవాళ్లు.

మూడు నెలలకి ఆట ఆరు వేల మంది ఫోన్లలో ఉంది, పరీక్షకి. అప్పుడు మా ఆర్టిస్టు నాలుగు వందల బొమ్మలు మళ్లీ గీసింది. ముందున్న పట్టికలో కొత్తవాటికి చోటు లేదు. మొత్తం ఫైలు మళ్లీ దింపుకోమంటే రెండు జీబీ. జిప్ బాబాయ్ అప్పుడే నవ్వుకుంటున్నాడు.

కొత్త బొమ్మల్ని ఫైలు చివర అతికించి, వాటి వెనకే రెండో పట్టిక పెట్టాను. అది ఎక్కడుందో సోమలింగంలో రాశాను. అక్కడ సున్నా ఉంటే రెండో పట్టిక లేనట్టే, పాత ఫైలు పాతలాగే నడుస్తుంది. అప్‌డేట్ పద్దెనిమిది ఎంబీ.

"నా ఫోన్‌లో చూద్దాం" అన్నాడు లీడ్. అద్దం పగిలిన ముసలి ఫోన్, లోపల మిగిలిన చోటు నలభై ఎంబీ. డౌన్‌లోడ్ గీత నిండింది. ఆట తెరుచుకుంది. కోట తలుపు కొత్త రంగులో ఉంది. ఆయన మూసి తెరిచాడు, ఫోన్ ఆపి మళ్లీ పెట్టాడు, ఇంకోసారి తెరిచాడు. తలుపు అలాగే ఉంది.

"ఒరేయ్," గది మొత్తానికి వినపడేలా అరిచాడు, "సోమలింగం పుట్టాడ్రా!"

తర్వాత నా పక్కన కుర్చీ లాక్కుని, "వచ్చే ఆటకీ ఇదే. ఆ చోటు ఎంత వదలాలో నాకూ చెప్పు" అన్నాడు. నేను మామూలుగా ఉన్నట్టు నటించాను. కుదర్లేదు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను.

"ఎంత వదిలావు?"

"సగానికి సగం."

"సగమా! గుడ్డ ఊరికే వస్తోందనుకున్నావా?" అని కసిరింది. అంతలో కొలతలివ్వడానికి ఎదురింటావిడ వచ్చింది. అమ్మ టేపు ఆవిడ నడుముకి చుడుతూ, ఏదో మామూలు మాటలా అంది: "మా అమ్మాయి కూడా లోపల వదిలే కుడుతుందండీ."